లక్ష్మీరాజం తీసిన పాదం కొలత

లక్ష్మీరాజం ముడి వేశాడంటే దాన్ని విప్పాల్సింది కత్తే. సిరిసిల్ల బీవై నగర్‌లో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. అతను కట్టిన దండెం వేలితో మీటితే మోగుతుంది. అతను నవారు బిగించిన మంచం మీద పడుకుంటే బండ మీద పడుకున్నట్టే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో భార్య నర్సవ్వ కోరుట్లలోని పుట్టింటికి పోతూ బట్టల మూట కట్టిమ్మని అడిగింది. పాపం, కొత్త కదా, తెలియక అడిగింది. అక్కడికి పోయాక ఇంటిల్లిపాదీ ఆ మూట చుట్టూ కూర్చున్నారు. చివరికి ఆమె తమ్ముడు యాదగిరి, అప్పటికి ఎనిమిదేళ్లవాడు, పళ్లతో కొరికి ముడి విప్పాడు. మూటతో పాటు ఒక పాలపన్ను కూడా ఊడొచ్చింది. యాదగిరి పెద్దవాడయ్యాడు, దుబాయి పోయొచ్చాడు, పెళ్లి చేసుకున్నాడు కానీ ఆ పన్ను సంగతి మాత్రం మరిచిపోలేదు.

నిజం చెప్పాలంటే తప్పు లక్ష్మీరాజానిది కాదు. పదేళ్ల వయసులో తండ్రి అతన్ని గుంటమగ్గం మీద కూర్చోబెట్టి ఒకటే మాట నేర్పాడు: దారం వదులైతే బట్ట చెడుతుంది. తర్వాత గుంటమగ్గాలు పోయి మరమగ్గాలొచ్చాయి. సిరిసిల్ల వాళ్లు వాటిని సాంచాలంటారు. చెవులు చిల్లులు పడే ఆ చప్పుడులో, ఒకేసారి ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ కూడా, ఏ మూల ఏ పోగు వదులైందో లక్ష్మీరాజం దూరం నుంచే పసిగట్టేవాడు. అతను నేసిన బట్టలో తప్పు దొరికితే బహుమానం ఇస్తానని యజమాని పందెం కాసేవాడు, ఎవరికీ ఇవ్వాల్సి రాలేదు. అలాంటి మనిషికి లోకంలో వదులుగా కనిపించిన ప్రతిదీ తప్పే. నర్సవ్వ బీడీలు చుట్టే పనిలో ఉంటే కూతురు భూలక్ష్మికి జడ అల్లే పని అతనిదే అయ్యేది. ఆ పిల్ల కనుబొమలు నొసటి మీదికి ఎక్కి, రోజంతా ఏదో చూసి ఆశ్చర్యపోయినట్టు బడిలో కూర్చునేది.

భూలక్ష్మికి ఇప్పుడు ఇరవై ఒకటి. డిగ్రీ అయిపోయింది. ఇంటర్‌లో ఉన్నప్పుడు సైకిల్ మీద పోతుంటే చున్నీ లాగిన పోకిరిని మూడు గల్లీలు తరిమి పట్టుకుంది. ఆ రోజే ఆమెకు రెండు సంగతులు తెలిశాయి, తనకు పరుగు వచ్చని, తనకు పోలీసు కొలువు కావాలని. కరీంనగర్ పోయి శిక్షణ తీసుకునే స్తోమత ఇంట్లో లేదు. తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతూ, తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతూ ఉండేది.

ఆ ఏడే, రెండువేల పదకొండులో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. బళ్లకు తాళాలు పడ్డాయి. బొగ్గు గనులు ఆగేసరికి కరెంటు ఉన్నంతసేపూ ఉంది, తర్వాత లేదు. సాంచాలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం ఎరగని సిరిసిల్ల జనానికి నిద్ర పట్టడం మానేసింది. లక్ష్మీరాజం పొద్దున్నే దీక్షా శిబిరానికి పోయి కూర్చునేవాడు. టెంటు తాళ్లు కట్టింది అతనే. దసరా ముందు గాలివానకు చుట్టుపక్కల టెంట్లన్నీ లేచిపోయాయి కానీ అతను కట్టినది అంగుళం కదల్లేదు.

ఆ శిబిరంలోనే ఒక కబురు తెలిసింది. జగిత్యాలలో పోశం అనే రిటైర్డ్ సుబేదారు ఆడపిల్లలకు ఉచితంగా శిక్షణ పెడుతున్నాడు. ఆర్నెల్లు తిండీ, పడకా, చదువూ, పరుగూ అన్నీ ఆయనవే. "రేపు తెలంగాణ అచ్చి కొలువులు పడ్డంక, మన పిల్లలు ఉరుకుడు రాక వాపసు పోవద్దు" అన్నాడట. ఉన్నవి ఇరవై సీట్లు. అక్టోబరు మూడో ఆదివారం జగిత్యాల గ్రౌండులో రెండున్నర కిలోమీటర్ల పరుగు పెట్టి, ముందొచ్చిన ఇరవై మందిని తీసుకుంటాడు. ఆ ఇరవైలో ఒకటి దొరక్కపోతే భూలక్ష్మికి బీడీల చాటే దిక్కు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ముగ్గురికీ తెలుసు.

పిల్ల కాళ్లకేమో బడి నాటి తెల్ల కాన్వాసు బూట్లు. అడుగు అప్పడంలా అరిగిపోయి, బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. "కొత్త బూట్లు కొనాలె" అన్నాడు లక్ష్మీరాజం. దుబాయిలో తొమ్మిదేళ్లు చెప్పుల దుకాణంలో పనిచేసొచ్చిన యాదగిరి కోరుట్లలో రెండేళ్లుగా బూట్ల దుకాణం నడుపుతున్నాడు. అక్కడ మంచి సరుకు తక్కువ ధరకు దొరుకుతుంది. అయితే పోవడమెట్లా? పక్కింటి బక్కయ్యకు మోపెడ్ ఉంది కానీ అతను ఇవ్వనన్నాడు. ఒకసారి లక్ష్మీరాజం దాని వెనక నూలు మూట కడితే, దింపడానికి తాడు కోయబోయి సీటు కూడా కోయాల్సి వచ్చింది మరి. ఆడపిల్లను లారీలెక్కించి తీసుకుపోవడం కుదరదు. తానొక్కడే పోయి రావాలి.

పల్లెల్లో ఇలాంటప్పుడు చీపురుపుల్లను పాదమంత తుంచి, జేబులో వేసుకుని దుకాణానికి పోతారు. లక్ష్మీరాజానికి అది నామోషీ అనిపించింది. దారంతో బతికేవాడు పుల్ల పట్టుకుపోవడమా! పొద్దున్నే నిద్రలేచిన భూలక్ష్మిని మంచం మీద కూర్చోబెట్టి, ఎడమ పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. మడమ నుంచి బొటనవేలి కొస దాకా ఒక పోగు, వేళ్ల కింద పాదం చుట్టూ ఒక పోగు. రెండో పోగును చుట్టి, అలవాటు కొద్దీ లాగి ముడేశాడు.

"నాయినా, కోస్తాంది."

"వదులు వెడితె అది కొలతెట్లయితది బిడ్డా?" అన్నాడు లక్ష్మీరాజం, ముడి కొస మరోసారి బిగించి.

ఆ రోజు అతను వేములవాడ దాకా ఆటోలో, అక్కడి నుంచి రుద్రంగి దాకా ట్రాక్టరు మీద, ఆపైన మక్కల లారీలో మొక్కజొన్న బస్తాల మీద పోయాడు. కథలాపూర్ దగ్గర సమ్మెలో భాగంగా రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. పొయ్యిలు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. అన్నం తినందే ఎవరినీ కదలనివ్వడం లేదు. లక్ష్మీరాజం పప్పన్నం తిని, జై తెలంగాణ అని, పక్కనున్నవాళ్లకు బూట్ల సంగతి చెప్పాడు. ఇక చూడండి. అడుగు మందంగా ఉండాలని ఒకరు, ఎర్ర రంగైతే ఉషారొస్తుందని ఇంకొకరు, బరువున్నవైతే పదేళ్లు మన్నుతాయని మరొకరు. అందులో ఒక్కరికైనా కాళ్లకు బూట్లు లేవు.

యాదగిరి దుకాణం కోరుట్ల బస్టాండు ఎదురు గల్లీలో ఉంది. బావను చూడగానే చేతులు చాచి లేచాడు.

"రా రా బావా! ఏం గట్టుకొచ్చినవ్? నాకిప్పుడు పాలపండ్లు లెవ్వు మరి."

లక్ష్మీరాజం నవ్వాడు. విషయం చెప్పి, కాగితంలో మడిచిన రెండు పోగులూ జాగ్రత్తగా తీశాడు. యాదగిరి వాటి వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు.

"దారం దెచ్చినవ్ సరే, కాలేది?"

"కాలు సిరిసిల్లల ఉన్నది. కొలత గిదే."

"ఎప్పుడు దీసినవ్?"

"పొద్దుగాల."

"పిల్ల నిలవడ్డదా, కూసున్నదా?"

"మంచం మీద గూసున్నది. గది నీకెందుకయ్యా?"

యాదగిరి తల గోక్కున్నాడు. "బావా, పొద్దుందాక తిరిగితె కాలు జెర ఉబ్బుతది. నిలవడితె పర్సుకుంటది. ఉరికేటప్పుడు ఇంకింత పర్సుకుంటది. మాపటికి, పొద్దుమీకినంక, నిలవెట్టి సూడాలె. రెండు కాళ్లు సూడాలె."

లక్ష్మీరాజం మొహం ఎర్రబడింది. నలభై ఏళ్లుగా దారం పట్టినవాడికి నిన్నగాక మొన్న దుబాయి నుంచి దిగినవాడు కొలతలు నేర్పుతున్నాడు! అతను షెల్ఫుల వైపు తిరిగాడు.

యాదగిరి ఒక బూడిద రంగు జత తీసి ముందు పెట్టాడు. పేరూ ఊరూ లేని రకం, మెరుపూ లేదు. బూటు ముందు భాగం పట్టుకుని వంచాడు. "సూడు, వేళ్లు మడిచే కాడ్నే మడుస్తాంది, నడుమ మడుస్తలేదు. మడమ కాడ గట్టిగున్నది. తేలిక. ముంగట జాగున్నది. మనోళ్లు సిన్నప్పటి సంది ఉత్త కాళ్లతోని తిరిగినోళ్లు, వేళ్లు విప్పారి ఉంటయి. గీ ధరల గింతకన్న మంచిది దొరకది."

లక్ష్మీరాజం చుట్టు పోగును తన చేతివేళ్ల మీదికి ఎక్కించి, పోగు నిండేదాకా వేళ్లు ముడిచి, ఆ చేతిని బూడిద బూటులో పెట్టాడు. చెయ్యి అటూ ఇటూ కదిలింది. "వదులు!" అని తీసేశాడు. పక్కన ఎర్ర జత ఉంది, సన్నగా, నిగనిగలాడుతూ. అందులో పెడితే చెయ్యి ఇసుమంత కదల్లేదు. ధర మొదటిదానికి రెండింతలు.

"గిది సరిగ్గున్నది. గిదే కట్టు."

"బావా, నాకైతే గదే లాభం. కాని పైస ఎక్కువైతె ఉరుకుడు ఎక్కువ గాదే. నా మాటిను."

"బిడ్డకు కొనేటప్పుడు ధర సూస్తనా?" అన్నాడు లక్ష్మీరాజం. యాదగిరి ఎర్ర జతను డబ్బాలో పెట్టాడు. డబ్బా కట్టబోతుంటే లక్ష్మీరాజం దారం లాక్కుని తానే కట్టాడు.

ఇంట్లో ఆ డబ్బా విప్పడానికి వంటింటి కత్తి వచ్చింది. ఎర్ర బూట్లు చూసి భూలక్ష్మి ఎగిరి గంతేసింది. తొడుక్కుని రెండడుగులు వేసింది. ఒక్క క్షణం ఆగింది. తండ్రి మొహం చూసింది, లారీల దుమ్ము ఇంకా ఆ మొహం మీదే ఉంది. "మస్తున్నయి నాయినా" అంది. లక్ష్మీరాజం మోకాళ్ల మీద కూర్చుని లేసులు లాగి కట్టాడు.

మర్నాడు పరుగుకు ఒక నిమిషం ఎక్కువ పట్టింది. ఆ మర్నాడు ఇంకో నిమిషం. కొత్త బూట్లు గదా, వదులైతయి అన్నాడు లక్ష్మీరాజం. నర్సవ్వ మాత్రం కూతురు ఇంట్లో మడమల మీద నడుస్తోందని గమనించింది. "పోయి ఒక్కపారి నీ కండ్లతోని సూసిరా, ఎట్ల ఉరుకుతాందో" అంది.

నాలుగో రోజు తెల్లవారి అతను చెప్పకుండా కాలేజీ గ్రౌండుకు పోయాడు. గోల్‌పోస్టు పక్కన ఎర్ర బూట్లు పక్కపక్కనే బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. పిల్ల ఉత్త కాళ్లతో, లేడిలా, గ్రౌండు చుట్టూ దూసుకుపోతోంది. అంత వేగం అతను ఎన్నడూ చూడలేదు. చూసి మురిసిపోవాల్సినవాడు, బూట్ల వైపు చూసి నీరుగారిపోయాడు.

భూలక్ష్మి అతన్ని చూసి ఆగిపోయింది. పాదాలు దాచుకోవాలని చూసింది కానీ గ్రౌండులో ఎక్కడ దాస్తుంది? కుడి చిటికెనవేలు బొబ్బ పగిలి ఉంది. బొటనవేలి గోరు నల్లబడింది.

"ఎందుకు జెప్పలేదు బిడ్డా?"

"లారీలెక్కి తెచ్చినవ్ గదా నాయినా. చెప్ప బుద్ధి గాలేదు."

లక్ష్మీరాజం చేతి కొలత తప్పని నలభై ఏళ్లలో ఎవరూ అనలేదు. ఇప్పుడూ ఎవరూ అనలేదు. పిల్ల వేలే చెబుతోంది. అతనికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. బూట్లు చేతిలోకి తీసుకుని, "ఉత్త కాళ్లతోనే ఉరుకరాదా?" అన్నాడు.

"జగిత్యాల గ్రౌండు నిండ కంకరున్నదట. పోశం సారు బూట్లు లేకుంటె నిలవడనియ్యడట."

పరుగుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. శుక్రవారం దాకా మూడు రోజులూ పిల్లను పరుగెత్తనివ్వకుండా నర్సవ్వ వేలికి పసుపు పెట్టింది. శనివారం పొద్దున లక్ష్మీరాజం బక్కయ్య ముందుకు పోయి, దాచకుండా జరిగినదంతా చెప్పాడు. బక్కయ్య సాంతం విని, లోపలికి పోయి తాళం చెవి తెచ్చాడు.

"తీస్కపో. గని దాని మీద ఏదన్న గడితె మాత్రం మంచిగుండదు."

ఏమీ కట్టలేదు. ఎర్ర బూట్లు భూలక్ష్మి ఒళ్లోనే పెట్టుకుంది. తండ్రీ కూతుళ్లు సాయంత్రానికి కోరుట్ల చేరారు. దుకాణంలో నలుగురు గిరాకీలున్నారు. యాదగిరి ఎర్ర బూట్ల అడుగులు చూశాడు, మేనకోడలి వేలు చూశాడు. నవ్వు మొహం మాడిపోయింది.

"ఉరికిన బూట్లు వాపసు తీసుకోరు బావా, ఏ దుకాణంల తీసుకోరు."

"నాకెరికే. వీటిని తీసుకొమ్మంట లేను, గా బూడిద రంగుయి ఇయ్యి. పైసలిస్త." లక్ష్మీరాజం ఆగాడు. గిరాకీల వైపు చూశాడు. వాళ్లూ ఇతని వైపే చూస్తున్నారు. "కొలత నేనే తప్పు దీసిన యాదగిరీ. నువ్వు జెప్తె ఇనలే."

పాతికేళ్లుగా దాచుకున్న ఎత్తిపొడుపులన్నీ ఆ క్షణాన యాదగిరికి అక్కరకు రాలేదు. ఎర్ర బూట్లు తీసి బల్ల కింద పెట్టాడు. "ఇవి తీసుకుంట తియ్యి. నువ్వన్న గా మాట నా పన్ను కింద జమైంది" అన్నాడు. అందరూ నవ్వారు, లక్ష్మీరాజమూ నవ్వాడు.

తర్వాత యాదగిరి నేల మీద అట్టముక్క పరిచి, "కోడలు పిల్లా, దీని మీద నిలవడు. రెండు కాళ్ల మీద బరువెయ్యి" అన్నాడు. పెన్సిలుతో రెండు పాదాల చుట్టూ గీశాడు. కుడిది ఎడమదాని కంటే కొంచెం పెద్దదిగా వచ్చింది. "సూసినవా? పెద్దదాన్ని వట్టి కొనాలె." దారం తీసి లక్ష్మీరాజం చేతికే ఇచ్చాడు. "ఇప్పుడు నువ్వే సుట్టు."

లక్ష్మీరాజం పాదం చుట్టూ పోగు తిప్పాడు. వద్దనుకున్నా చేతులు వాటంతటవే లాగబోయాయి. యాదగిరి గభాలున తన వేలు పోగుకూ పాదానికీ మధ్య దూర్చాడు.

"గీ వేలంత జాగ ఇడువు బావా. ముంగట గూడ బొటనవేలంత. కాలు దాని పని అది జేసుకుంటది."

బూడిద రంగు బూట్లు తొడిగి భూలక్ష్మి గల్లీ కొస దాకా ఉరికి వచ్చింది. మళ్లీ ఉరికింది. మూడోసారి పోయినప్పుడు మామ కేకేసి పిలవాల్సి వచ్చింది. రాత్రికి ఇద్దరినీ తన ఇంట్లోనే ఆపి, పడుకునేదాకా వాటితోనే తిరగమన్నాడు యాదగిరి, ఎక్కడన్నా ఒత్తితే ఇప్పుడే తెలియాలని. ఎక్కడా ఒత్తలేదు. పడుకోబోయే ముందు లేసు సంగతి కూడా చెప్పాడు. "వేళ్ల కాడ వదులుగ, చీలమండ కాడ గట్టిగ." భూలక్ష్మి విన్నది. లక్ష్మీరాజం సగమే విన్నాడు.

ఆదివారం జగిత్యాల గ్రౌండులో తొంభై మందికి పైగా ఆడపిల్లలున్నారు. మెడలో ఈల, చంకలో రిజిస్టరుతో సుబేదార్ పోశం గీత దగ్గర నిలబడ్డాడు. భూలక్ష్మి బూట్లు తొడుక్కుంటుంటే లక్ష్మీరాజం పోయి ముందు కూర్చున్నాడు. "నేను గడ్త బిడ్డా" అన్నాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించి కాలు చాచింది. అతను ఊపిరి బిగబట్టి, పసిబిడ్డ మొలతాడు కట్టినంత మెత్తగా, పై నుంచి కింది దాకా వదులుగా కట్టాడు. తన చేతుల మీద తనకే గౌరవం కలిగింది.

ఈల మోగింది. మొదటి రెండు చుట్లు భూలక్ష్మి గుంపు మధ్యలో ఉంది. మూడో చుట్టులో గుంపు చీలింది. నాలుగో చుట్టుకు ఆమె ముందు తొమ్మిది మందే ఉన్నారు. లక్ష్మీరాజం లెక్కపెడుతూ, ఎగురుతూ, పక్కనున్న ఎవరి భుజమో చరుస్తున్నాడు. అప్పుడే కుడి బూటు లేసు ఊడి, పాములా కంకర మీద కొట్టుకోవడం అతని కంటపడింది.

ఎనిమిది సాంచాల మధ్య వదులైన పోగును పట్టే కళ్లు అవి. అందరికంటే ముందు చూసింది అతనే, చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. "బిడ్డా, లేసు!" అని అరిచాడు. భూలక్ష్మి పక్కకు జరిగి మోకాలి మీద కూర్చుంది. ఒకరు దాటారు, ముగ్గురు దాటారు, పది మంది, పదిహేను మంది దాటారు. ఆమె తొందరపడకుండా వేళ్ల దగ్గర లేసు అలాగే వదిలి, చీలమండ దగ్గర లాగింది, ముడేసింది. అచ్చం తండ్రి వేసే ముడి. మీద ఇంకో ముడి వేసి లేచింది.

ఆ తర్వాత ఉరికిన ఉరుకుడు కాలేజీ గ్రౌండులో ఉత్త కాళ్లతో ఉరికినదే. ఒక్కొక్కరినీ దాటుతూ వచ్చింది. గీత దాటాక పోశం ఆమె వైపు వేలు చూపిస్తూ అరిచాడు, "పందొమ్మిది!"

లక్ష్మీరాజం తాడు దాటి గ్రౌండులోకి పరుగెత్తాడు. భూలక్ష్మి కంకర మీద కూలబడి రొప్పుతూ నవ్వుతోంది. పోశం రిజిస్టరు తీసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఉరుకుడు మంచిగనే ఉరికినవ్. గని గా లేసెవలు గట్టిండ్రు? ఇంకో ఇద్దరు దాటితె సీటు వోయేది!"

"నేనే సార్" అంది భూలక్ష్మి వెంటనే.

"ఆమె గాదు సార్, నేను" అన్నాడు లక్ష్మీరాజం. "ఆమె తండ్రిని."

"ఏం పని జేస్తవ్?"

"సాంచాల మీద సార్. సిరిసిల్ల."

"నేతపనోనివి, ముడెయ్యరాదా?"

పుట్టి బుద్ధెరిగాక లక్ష్మీరాజాన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. కోపం రావాలి. బీవై నగర్‌లో ఎవరైనా వింటే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. అతనికీ నవ్వే వచ్చింది, దాని వెంటే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"బిగించుడు ఎరికే సార్. వదులుగ గట్టుడు నిన్ననే నేర్సుకున్న. ఇంక చెయ్యి గుదరలే."

పోశం రిజిస్టరులో పందొమ్మిదో పేరు రాసుకుని, నవ్వుకుంటూ పోయాడు. లక్ష్మీరాజం కూతురి ముందు కూర్చుని బూట్లు విప్పబోయాడు. ఆమె వేసిన ముడి ఎంతకీ రాలేదు. గోళ్లతో గీకాడు, పళ్లతో పట్టాడు, భూలక్ష్మి కడుపుబ్బ నవ్వింది. చివరికి ముడి ఊడొచ్చాక రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుని పది వేళ్లూ ఒక్కొక్కటే పట్టి చూశాడు. పాత బొబ్బ మానుతోంది. కొత్తది ఒక్కటీ లేదు.